కరువు సీమలో శిస్తు: సర్ థామస్ మన్రో జీవితం



రైతు అనే మాటను మనం రోజూ వాడుతుంటాం. ఇది అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. దీని మూలం రఇయ్యత్. కాపరి సంరక్షణలో ఉన్న మంద అని అసలు అర్థం, పాలకుని సంరక్షణలో ఉన్న ప్రజలు అని వాడుక అర్థం. మంద ఆకలితో ఉంటే మొట్టమొదట జవాబు చెప్పవలసినవాడు కాపరి. ఈ కొలతతో మన అనంతపురం సీమను పాలించిన ఒక వ్యక్తి జీవితాన్ని పరిశీలిద్దాం. ఆయన పేరు సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి వ్యాపారి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల ఆ వ్యాపారం దెబ్బతిన్నది. కుమారుడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగారు. హైదర్ అలీతో, తర్వాత టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల్లో పాల్గొన్నారు. ఫారసీ, హిందూస్తానీ భాషలు నేర్చుకున్నారు. 1792 నుంచి బారామహల్ (నేటి సేలం, కృష్ణగిరి ప్రాంతం)లో కెప్టెన్ రీడ్ వద్ద శిస్తు వసూలు పని నేర్చారు. 1799లో కెనరా తీరానికి, 1800లో మన ప్రాంతానికి వచ్చారు.

నిజాం నవాబు తన వద్ద ఉంచుకున్న కంపెనీ సైన్యపు ఖర్చు కింద 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, నేటి కర్నూలు జిల్లాలోని కొంత భాగాన్ని కంపెనీకి ఇచ్చివేశారు. వాటికే దత్త మండలాలని పేరు. రాయలసీమ అనే గౌరవప్రదమైన పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. సుమారు 20 లక్షల జనాభాతో, తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ మాట్లాడే ప్రజలతో కూడిన ఈ సీమకు మన్రో ప్రధాన కలెక్టరయ్యారు. అనంతపురాన్ని కేంద్రంగా చేసుకున్నా, ఎక్కువ కాలం గుడారాల్లోనే గడుపుతూ ఊరూరా తిరిగారు.

ఈ నేల స్వభావాన్ని ఇక్కడ గమనించాలి. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య ఋతుపవనం ఇక్కడికి చేరేసరికి బలహీనపడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. మన్రో విడిచి వచ్చిన కెనరా తీరంలో దీనికి ఐదు రెట్లకు పైగా కురుస్తుంది. అందుకే ఇక్కడ విజయనగర కాలం నుంచి చెరువులే జీవనాధారం. మా శింగనమల చెరువు కూడా ఆ కోవలోనిదే. చెరువు నిండితే మాగాణి, లేకుంటే బీడు.

ఇటువంటి నేలపై శిస్తు ఎలా వేయాలి? బెంగాలులో 1793లో కంపెనీ జమీందార్లతో శాశ్వతంగా శిస్తు ఖరారు చేసుకుంది. 1802 నుంచి సర్కారు జిల్లాల్లోనూ అదే పద్ధతి ప్రవేశపెట్టింది. తెలుగువారే అయినా కోస్తాలో ఒక ఏర్పాటు, సీమలో మరొక ఏర్పాటు వచ్చింది ఇలాగే. మధ్య దళారీ లేకుండా సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూసుకోవాలని మన్రో అభిప్రాయం. 1802లో సర్వే మొదలుపెట్టించి, 33 అడుగుల గొలుసుతో పొలం పొలాన్ని కొలిపించారు. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి తరగతులు నిర్ణయించారు. ఇదే రైత్వారీ విధానం.

ఈ ఏర్పాటుకు అడ్డుగా నిలిచినవారు పాళెగాళ్ళు. దాదాపు 80 మంది పాళెగాళ్ళ కింద వేలాది సాయుధులు ఉండేవారు. మన్రో సైన్యం సాయంతో వారి అధికారాన్ని తొలగించి, కొందరిని బంధించి, కొందరికి పింఛన్లు ఇచ్చారు. ఆయన కఠినత్వాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు కూడా ఆక్షేపించారు. ఆ గాయం వెంటనే మానలేదు. పాళెగాళ్ళ వంశీయుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డారు. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు.

ఇక శిస్తు సంగతి. మన్రో ఉన్న ఏడేళ్ళలో ఈ మండలాల ఆదాయం పౌండ్ల లెక్కలో సుమారు 4 లక్షల నుంచి 6 లక్షలకు పెరిగింది. శిస్తు పంటలో దాదాపు 45 శాతం. ఒక రైతు కట్టలేకపోతే ఆ లోటులో కొంత అదే ఊరిలోని తోటి రైతులు భరించాలనే నిబంధన కూడా ఉండేది. దళారీ పోయాడు, కానీ భారం పోలేదు. ఈ నిజాన్ని దాచి ఆయనను పొగడటం న్యాయం కాదు.

అయితే ఆయనకు, తక్కిన అధికారులకు తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఆదాయం పెంచి చూపిన అధికారి సాధారణంగా దానినే తన గొప్పగా చెప్పుకుంటాడు. మన్రో 1807లో ఈ శిస్తు నేల మోయలేనిదని పైవారికి నివేదించారు. అన్ని భూములపై 25 శాతం, బావుల నుంచి, వాగుల నుంచి నీరు తోడి పండించే భూములపై 33 శాతం తగ్గించాలని సూచించారు. నీటి కోసం అదనంగా శ్రమించేవానిపై భారం తేలికగా ఉండాలనే ఈ సూత్రం మనకు కొత్తది కాదు. వాన నీటితో పండిన పంటలో పదవ వంతు, శ్రమించి నీరు పెట్టిన పంటలో ఇరవయ్యవ వంతు అని ఉష్ర్ విషయంలో మన ధర్మశాస్త్రం నిర్ణయించింది.

కంపెనీ ఆ సూచనను పక్కన పెట్టింది. మన్రో 1807లో స్వదేశానికి వెళ్ళగానే ఊళ్ళను మొదట మూడేళ్ళకు, తర్వాత పదేళ్ళకు కౌలుకిచ్చింది. వానలు లేని సంవత్సరాల్లో కౌలుదార్లు దివాలా తీశారు, ఊళ్ళు చితికిపోయాయి. 1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యాక రైత్వారీని తిరిగి నెలకొల్పి, తాను కోరిన తగ్గింపులు అమలు చేయించారు. పదమూడేళ్ళ ఆలస్యానికి మూల్యం చెల్లించింది మాత్రం రైతే.

గవర్నరుగా ఆయన 1822లో రాజధానిలోని బడులను లెక్కించమని ఆదేశించగా 12,498 బడులు ఉన్నట్లు తేలింది. ప్రతి జిల్లాలో హిందువులకు ఒకటి, ముస్లిములకు ఒకటి చొప్పున పెద్ద పాఠశాలలు పెట్టాలని 1826లో ప్రతిపాదించారు. దేశీయులకు ఉన్నతోద్యోగాలు ఇవ్వాలని, ఇవ్వకపోతే జాతి దిగజారుతుందని వాదించారు.

స్వదేశానికి వెళ్ళే ముందు సీమను చివరిసారి చూడాలని వచ్చిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా బావి తవ్వించి చింతతోపు వేశారు. సీమలో కొందరు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. ఆయన చుట్టూ అల్లుకున్న మహిమల కథల జోలికి మేము పోవడం లేదు. దాహం తీర్చే బావి, నీడనిచ్చే చెట్టు కంటే మంచి స్మారకం ఈ నేలకు మరేముంటుంది?

సోదరులారా! మన్రో పరాయి కంపెనీ సేవకుడు. తన ప్రభువుల ఖజానా నింపడమే ఆయన ఉద్యోగం. అయినా నేలను కాలినడకన, గుర్రంపైన తిరిగి చూసినందువల్ల, దాని శక్తికి మించి తీసుకుంటున్నామని గుర్తించగలిగారు. నేడు శిస్తు స్థానంలో అప్పు వాయిదాలు ఉన్నాయి. వేరుశనగ ఎండినా వాయిదా తేదీ కదలదు. వానకు మాత్రం ఆ తేదీ తెలియదు. పట్టా, జమాబందీ, తహసీల్దారు అనే మాటలు నిలిచే ఉన్నాయి. రఇయ్యత్ అనే మాటలోని సంరక్షణ నిలిచిందా అన్నదే ప్రశ్న.

అధికారం ఉన్నవారినే కాదు, అప్పిచ్చేవారిని, కౌలుకిచ్చేవారిని, కూలికి పిలిచేవారిని కూడా ఈ ప్రశ్న అడుగుతుంది. తీసుకునే ముందు ఎదుటివాని చేతిలో ఏముందో చూడటం మనందరి బాధ్యత. తన కింద ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ రేపు ప్రభువు ముందు జవాబు చెప్పవలసి ఉంది.