లైసెన్సు నుంచి కొలువు దాకా

ఓర్వకల్లులో విమానాశ్రయం వచ్చాక పైలట్ కోర్సు గురించి అడిగే తల్లిదండ్రులు పెరిగారు. ట్రైనింగ్ అవగానే నెలకు లక్షల జీతమట, నిజమేనా అని. అందుకే ఈ నెల ప్రేమ్ మాథుర్ గారి కథ.

ఆమె అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకుని 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించారు. దేశంలో అది సాధించిన మొదటి మహిళ. ఉద్యోగం మాత్రం రాలేదు. ఆడమనిషి నడిపితే ప్రయాణికులు ఎక్కరేమోనన్న భయంతో ఎనిమిది ఎయిర్‌లైన్లు కాదన్నాయి. చివరికి అవకాశమిచ్చింది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. అక్కడా కో-పైలట్‌గానే. కావలసిన గంటలు ఎగిరినా, 1949లో జాతీయ ఎయిర్ రేస్ గెలిచినా కెప్టెన్ సీటు దక్కలేదు. (నేటి ప్రకటనల్లో ఊరించే జీతం కూడా ఎక్కువగా ఆ సీటుదే. కొత్తవారు చేరేది ఫస్ట్ ఆఫీసర్లుగా.)

విసిగి ఢిల్లీ వెళ్లి ఘనశ్యామ్‌దాస్ బిర్లా గారి సొంత విమానం నడిపారు. 1953లో ప్రైవేటు కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడ్డాక అందులో చేరి, మిగతా సర్వీసంతా అక్కడే చేశారు. 1992లో కన్నుమూశారు.

ఆమెకు అడ్డొచ్చింది ఆడమనిషి కావడం. మన పిల్లలకు అడ్డొచ్చేది ఖర్చు. లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఫీజు అరకోటి దాకా అవుతుంది. పెద్ద విమానం నడపాలంటే టైప్ రేటింగ్‌కు మళ్లీ లక్షలు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకముందే అబ్బాయికైనా అమ్మాయికైనా డీజీసీఏ మెడికల్ చేయించండి. గత రెండేళ్లలో ఎందరికి ఉద్యోగాలొచ్చాయో అకాడమీని రాతపూర్వకంగా అడగండి.