ఒంగోలు క్లౌ దొరగారు

ఈ ఏటి ఉత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితాన్ని గురించి వ్రాయమని పెద్దలు కోరగా, మేము ఒంగోలు క్లౌ దొరగారిని ఎన్నుకొన్నాము. మన నేటాలు తెలుగు కుటుంబాలలో హిందువులూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు. ఇది ఒక మతంవారి కోసమే వ్రాసినది కాదు. మేము బడిలో పాఠాలు చెప్పి జీవితం గడిపినవారము. తెలుగు మాత్రం సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్నాము. తప్పులుంటే చదువరులు మన్నించాలి.

పిల్లలు పరీక్షలో నెగ్గాలని, మంచి ఉద్యోగం రావాలని, సొంత ఇల్లు కట్టాలని మనం ఎంత పాటుపడతామో అందరికీ తెలుసు. తెల్లవారుజామున లేస్తాము, పైసా పైసా కూడబెడతాము. భక్తి దగ్గరకు వచ్చేసరికి మాత్రం తీరిక దొరికినప్పుడు చూద్దాములే అంటాము. క్లౌగారు అలా అనలేదు. లోకంలో పైకి రావాలని ఎంత పట్టుదలతో బయలుదేరారో, అంత పట్టుదలనూ దేవుని పనికి మళ్ళించారు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో పుట్టారు. తల్లిదండ్రులు భూమి కోసం పడమటి రాష్ట్రాలకు తరలిపోయిన రైతులు. చిన్న వయసులోనే ఆయన ప్రభుత్వ సర్వే దళంలో చేరి, మిన్నెసోటా ప్రాంతంలో గొలుసు పట్టి అడవులూ మైదానాలూ కొలిచారు. ఎండకు, చలికి ఓర్చుకోవడం, లెక్క తప్పకుండా పని ముగించడం అక్కడే అలవడింది. తరువాత న్యాయవాది కావాలనే కోరికతో ఐయోవా రాష్ట్రంలో బర్లింగ్టన్ పట్టణపు కళాశాలలో చేరారు. అప్పుడు ఆయనకు మతం మీద ఆసక్తి లేదు. గదిలో తోడుగా ఉన్న విద్యార్థి రోజూ బైబిలు చదివి ప్రార్థన చేస్తుంటే విసిగి, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ప్రార్థనలు ఆ గీతకు అవతలే ఉండాలన్నారట. కాని ఆ స్నేహితుని నడవడి ఆయనను కదిలించింది. కొంతకాలానికి ఆ గీతను తానే దాటారు. న్యాయవాది కావాలనే ఆశ వదలుకొన్నారు.

1864 చివర భార్య హారియెట్‌గారితో ఒక చిన్న ఓడ ఎక్కి, 1865లో మద్రాసు చేరారు. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషను అప్పటికి పాతికేళ్ళుగా పని చేస్తున్నా, ఫలితం అంతగా లేదు. ఆ పని మూసివేద్దామన్న ఆలోచన కూడా అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఆ మిషనును నిలబెట్టినవారు జ్యూయెట్ దొరగారు. ఆయన వెంటనే క్లౌగారు వచ్చారు. తెలుగు నేర్చుకొని, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. అప్పుడు సభ్యులు ఎనిమిది మంది మాత్రమే.

ఆ రోజుల్లోనే ఒక పరీక్ష వచ్చింది. ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు. సత్యం కోసం చాలాకాలం వెదికిన మనిషి. ఆయన ద్వారా ఒంగోలుకు పడమటి పల్లెలలో అనేకులు క్రైస్తవ బోధకు చెవి ఒగ్గారు. పట్టణంలోని పై కులాల వారు కూడా దొరగారి బడికి పిల్లలను పంపుతున్నారు. మాదిగలను చేర్చుకొంటే మేము రాము అని వారు స్పష్టం చేశారు. పేరు, పలుకుబడి కావాలంటే ఏ దారి పట్టాలో తెలుస్తూనే ఉంది. దొరగారూ దొరసానిగారూ ఒకే సాయంత్రం వేరువేరు గదులలో బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దేవుడు బలహీనులను ఏర్పరచుకొనే సంగతి చెప్పే భాగమే కనబడిందట. వారు పేదల పక్షం పట్టారు. బడి నుంచి పై కులాల పిల్లలు వెళ్ళిపోయారు.

తరువాత 1876–78 నాటి కరువు వచ్చింది. మన పెద్దలు దానిని ధాత కరువు అనేవారు. ప్రభుత్వం పని కల్పించడానికి బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నది. అక్కడి మేస్త్రీల చేతిలో తక్కువ కులాల కూలీలు పడే కష్టాలు విని, క్లౌగారు కాలువలో మూడున్నర మైళ్ళు తామే కంట్రాక్టుకు తీసుకొన్నారు. పాత సర్వే విద్య ఇప్పుడు అక్కరకు వచ్చింది. ఎంత మట్టి తీయాలి, ఎంత మంది కావాలి, కూలి ఎంత అనే లెక్కలన్నీ స్వయంగా చూశారు. మిషను బోధకులను పనిమీద అజమాయిషీకి పెట్టారు. వేలాది మంది ఆకలి తీరింది. సాయంత్రాలలో గుడారాల మధ్య బోధ జరిగేది.

మేము ఈ జీవితంలో అన్నిటికంటె ముఖ్యమనుకొనే సంగతి ఇది. ఆ కూలీలలో అనేకులు బాప్తిస్మం కావాలని అడిగారు. సంఖ్య కోసమే అయితే అంతకు మించిన అదను లేదు. కాని అన్నం కోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తెలియని కాలంలో ఆయన ఒప్పుకోలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయపు డబ్బు అయిపోయిందని, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పించిన తరువాత కూడా జనం వచ్చారు. అప్పుడు, ఒక్కొక్కరినీ విచారించి, ఒప్పుకొన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలోకి దిగినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని. దొరగారు ఒక్కరికి కూడా తమ చేతితో ఇవ్వక, పని సక్రమంగా జరిగేలా గట్టున నిలబడ్డారు.

అంత మంది వచ్చిన తరువాతనే అసలు శ్రమ మొదలైంది. గ్రామాలలో జాతరకు డప్పు కొట్టమన్నప్పుడు ఒప్పుకోనందుకు పనులు పోయినవారు, బావి దగ్గరకు రానీయబడనివారు ఉన్నారు. వారి పిల్లలకు చదువు కావాలి, పల్లెపల్లెకు ఉపాధ్యాయుడు కావాలి. దొరగారు అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి విరాళాలు పోగు చేశారు. ఒంగోలులో ఉన్నత పాఠశాల, పల్లెలలో బడులు లేచాయి. 1901లో తొడ ఎముక విరిగి, ఆ తరువాత సరిగా నడవలేకపోయారు. 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఒంగోలులోని క్లౌ స్మారక ఆస్పత్రి ఆయన పేరున వెలసినదే.

ఆ విత్తనం మన దేశానికి కూడా వచ్చింది. తెలుగు క్రైస్తవులు తామే నడుపుకొన్న హోం మిషనరీ సొసైటీ పంపగా, 1903లో జాన్ రంగయ్యగారు నేటాలు వచ్చి, కేర్స్నీ తేయాకు తోటలలోని తెలుగు కూలీల మధ్య సంఘం స్థాపించారు. మన తాతలు గిరిమిట్ మీద చెరకు తోటలకు వచ్చిన కాలమది.

చదువరులారా, మన పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు కావలసినదే. క్లౌగారు కూడా తాము నేర్చిన సర్వే విద్యను పారవేయలేదు, దానితోనే కాలువ తవ్వించారు. పరీక్షకు చదివినంత శ్రద్ధగా ప్రార్థనకు కూర్చోవడం, దుకాణం లెక్క చూసుకొన్నంత జాగ్రత్తగా మన నడవడి చూసుకోవడం, ఎవరు ఏ మతంవారైనా ఇంట్లో పిల్లలకు నేర్పగలిగితే, మేము ఈ నాలుగు మాటలు వ్రాసినందుకు సంతోషిస్తాము.