ద్రాక్షతోటల ప్రాణదాత ప్లాన్షాన్

మన జిల్లాలోని కడియం నర్సరీలలో మామిడి అంటు, సపోటా అంటు చూడని విద్యార్థులు అరుదు. మేలురకపు పండు కోసమే అంటు కడతారని మన భావన. చావనున్న పంటను బ్రతికించడానికి అంటు కట్టిన చరిత్ర కూడ ఒకటున్నది. దానితో పెనవేసుకొన్నదే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఝూల్ ఎమిల్ ప్లాన్షాన్ జీవితం.

ఆయన 1823లో దక్షిణ ఫ్రాన్సులోని గాంజ్ పట్టణంలో జన్మించారు. ఇంగ్లండులోని క్యూ ఉద్యానంలో కొన్ని సంవత్సరాలు పనిచేసి, స్వదేశానికి మరలి, మోంపెలియే నగరంలో ఆచార్యులైనారు.

1860 తరువాత ఆ ప్రాంతపు ద్రాక్షతోటలు కారణం తెలియకుండ ఎండిపోసాగాయి. వేలాది కుటుంబాల జీవనాధారం కూలిపోతున్నది. 1868 జూలైలో ప్లాన్షాన్ మరి ఇద్దరితో కలసి తోటలను పరీక్షించారు. చచ్చిన తీగలను పెరికి చూడగా ఏమీ కానరాలేదు. అప్పుడు ప్రక్కనే ఇంకా ప్రాణమున్న తీగను పెరికారు. దాని వేళ్ళనిండ కంటికి ఆనీ ఆనని పసుపుపచ్చని పేలు! వేరు చచ్చినంతనే అవి మరొక తీగకు తరలిపోతాయి. ఆ పురుగే ఫిలాక్సిరా. తీగ నీరసించుటవల్లనే పురుగు చేరిందని కొందరు పండితులు వాదించినా ఆయన తన నిర్ణయాన్ని విడువలేదు.

ఆ పురుగు అమెరికానుండి వచ్చినదే. అయినా అనేక అమెరికా తీగలు దానికి లొంగవు. వాటి వేళ్ళు గాయం చుట్టూ బెరడుపొర కట్టి కుళ్ళును ఆపుతాయి. వాటి పండు మాత్రం ఫ్రెంచివారికి రుచించదు. కనుక అమెరికా వేరుపై ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడమే తరణోపాయమైంది. ఈ ఆలోచన ఆయన ఒక్కరిదే కాదు. లాలిమాన్, బాజీల్ మొదలగువారు కూడ దీనికి దారి చూపారు. 1873లో ప్లాన్షాన్ అమెరికా వెళ్ళి, రైలీ అను కీటకశాస్త్రజ్ఞుని తోడ్పాటుతో అక్కడి తీగలను పరిశీలించి వచ్చారు.

అయితే అంటు కట్టినంతమాత్రాన పని తీరదు. రెండు కాండాల పచ్చిపొరలు కలిస్తేనే అతుకు పడుతుంది. వేరు నేలకు సరిపడాలి; సున్నపునేలలో కొన్ని అమెరికా వేళ్ళపై తీగలు పసుపువారి క్షీణించాయి. తగిన వేళ్ళకై అన్వేషణ సాగుతుండగానే, 1888లో ప్లాన్షాన్ మరణించారు. మోంపెలియేలో ఒక ఉద్యానం నేటికీ ఆయన పేరు ధరించి ఉన్నది.

మన హైదరాబాదుకు 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను తెచ్చారు. అది చిరకాలం స్వంత వేళ్ళపైనే పెరిగింది. తరువాత దక్కనులో ఉప్పునేలలు, నీటి ఎద్దడి బాధించగా, వాటికి ఓర్చే డాగ్‌రిడ్జ్ అను అమెరికా వేరుపై ద్రాక్షను అంటుకట్టడం వ్యాపించింది.

పందిరిపై గుత్తులను మెచ్చుకొనేటప్పుడు మట్టిలోని వేరును కూడ తలచుకొందాం. చచ్చిన తీగను విడిచి బ్రతికున్న తీగను పరీక్షించిన ఆ వివేకం విద్యార్థులకు ఆదర్శప్రాయం.