మక్కకంకిలో మర్మం చూసిన బార్బరా మెక్లింటాక్

మక్కచేను మన కరీంనగర్, ఆదిలాబాద్ విద్యార్థులకు కొత్తేం గాదు. విత్తనాల మక్క వేసే ఇండ్లల్లో ఆడ వరుస, మగ వరుస, పూత తీసేయడం పిల్లలకు సైతం తెలిసిన పనులే. అటువంటి మక్కచేనులోనే జీవితమంతా గడిపి, జన్యుశాస్త్రాన్ని కొత్త దారి పట్టించిన మహిళ బార్బరా మెక్లింటాక్. ఆమె జీవితం సైన్సు చదివే మనందరం తెలుసుకోదగినది.

ఆమె 1902 జూన్ 16న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో జన్మించింది. పెద్ద చదువులు చదివితే బిడ్డకు పెండ్లి కాదేమోనని తల్లి భయపడింది. తండ్రి అండగా నిలవడంతో 1919లో కార్నెల్ విశ్వవిద్యాలయపు వ్యవసాయ కళాశాలలో చేరి, 1927లో డాక్టరేటు పొందింది. మక్కలోని పది జతల క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా గుర్తుపట్టి చూపింది. 1931లో హారియట్ క్రైటన్‌తో కలిసి, క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్లనే లక్షణాలు కొత్తగా కలుస్తాయని రుజువు చేసింది. ఇంత చేసినా స్థిరమైన ఉద్యోగం కోసం చాలా ఏండ్లు తిరగవలసి వచ్చింది. చివరకు 1941లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయం చేరి, అక్కడే స్థిరపడింది.

మన చేలల్లో కంకి గింజలన్నీ ఒకే పసుపు. ఆమె పెంచిన కంకుల్లో గింజలకు ఊదా మచ్చలుండేవి. ఆ మచ్చలు ఎందుకు పడుతున్నాయని ఏండ్ల తరబడి వెతికింది. రంగునిచ్చే జన్యువు నడుమ ఒక డి.ఎన్.ఏ. ముక్క వచ్చి కూర్చుంటే రంగు ఆగిపోతుంది. గింజ పెరిగేటప్పుడు కొన్ని కణాల్లో ఆ ముక్క లేచిపోతే, అక్కడ మళ్ళీ రంగు మచ్చ పడుతుంది. అంటే జన్యువులు దండలో పూసల్లా కదలకుండా ఉండేవి కావు!

1951లో ఈ సంగతి పండితుల సభలో వివరిస్తే చాలామందికి అర్థం కాలేదు, కొందరు నమ్మనే లేదు. 1953 తర్వాత ఆ విషయంపై ప్రచురించడం బాగా తగ్గించింది గానీ, చేనులో పని మాత్రం మానలేదు. 1960ల చివర బాక్టీరియాలలోనూ ఇలాంటి దూకే ముక్కలు కనబడ్డాయి. 1983లో, 81 ఏండ్ల వయసులో, నోబెల్ బహుమతి ఆమె ఒక్కతెకే దక్కింది.

ఆమె గమనించిన మరో వింత ఉంది. కొన్ని ముక్కలు ఉన్నచోటనే ఉండి నిద్రపోయేవి, తరాల తర్వాత మేల్కొనేవి. దీని వివరం తర్వాతి కాలంలో తెలిసింది. డి.ఎన్.ఏ. హిస్టోన్ అనే ప్రోటీన్లకు చుట్టుకొని ఉంటుంది. ఆ చుట్టనే క్రోమాటిన్ అంటారు. చుట్ట బిగిస్తే జన్యువు మూగబోతుంది, వదులైతే పలుకుతుంది. మొక్కల్లో ఈ బిగింపుకు దారి చూపేవి సుమారు 24 అక్షరాల చిన్న ఆర్.ఎన్.ఏ.లు. అవి ఏ ప్రోటీనునూ తయారు చేయవు. తమకు సరిపోయే డి.ఎన్.ఏ.ను గుర్తుపట్టి, అక్కడ మిథైల్ గుర్తులు పడేటట్టు చేస్తాయి. ఆర్.ఎన్.ఏ.కు నకళ్ళు తీసే ఎంజైమును ఇచ్చే మక్క జన్యువు మాప్-1 అని 2006లో తేలింది. అది చెడిపోతే నిద్రపోయిన ముక్కలు కొన్ని మళ్ళీ లేస్తాయి. 2009లో మక్క జన్యురాశిని చదివితే, అందులో దాదాపు 85 శాతం ఇలాంటి ముక్కలే! మంచె మీద కావలి లేకపోతే చేను ఏమవుతుందో రైతుబిడ్డలకు వేరే చెప్పాలా? ఆ కావలి ఈ చిన్న ఆర్.ఎన్.ఏ.లదే.

ఆమె ఊహించినవన్నీ నిలవలేదు. మొక్క ఎదుగుదలను ఈ దూకే ముక్కలే నడిపిస్తాయన్న ఆమె భావన అలాగే రుజువు కాలేదు. కాని జన్యువులకు మీటలు ఉంటాయని, అవి పడుతూ లేస్తూ ఉంటాయని కంకిని చూసి ముందే పసిగట్టింది. 1992 సెప్టెంబరు 2న, 90 ఏండ్ల వయసులో కన్నుమూసింది.

పల్లె నుంచి వచ్చిన మనకు ప్రయోగశాల కొత్త కావచ్చు. చేను చూడటం మాత్రం కొత్త కాదు. వంద గింజల్లో ఒక్కటి వేరుగా కనబడితే దాన్ని పారేయకుండా ఎందుకని అడగడమే మెక్లింటాక్ మనకు చూపిన బాట.