అలల మీద డ్యూక్

నాకు ఈత రాదు. అయినా లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే, అల మీద బోర్డేసుకుని నిటారుగా నిలబడ్డ మనిషి ఫోటో నన్ను ఆపేసింది. ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అనుకున్నాను. ఆయన జీవితం చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఆయన పేరు డ్యూక్ కహనమోకు. 1890లో హవాయిలోని హొనొలులులో పుట్టాడు. డ్యూక్ అన్నది బిరుదు కాదు, పేరే. 1911లో అక్కడి రేవులో ఆయన ఈదిన వేగాన్ని అమెరికా క్రీడాధికారులు నమ్మలేదు. మరుసటేడే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచి నోళ్లు మూయించాడు. 1914లో ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడి చెక్కతోనే బోర్డు చేసుకుని సిడ్నీ జనానికి సర్ఫింగ్ చూపించాడు. ఈ ఆట మీద 1935లో పుస్తకం రాసిన టామ్ బ్లేక్‌కి స్ఫూర్తి ఆయనే.

పతకాలు కడుపు నింపవు కదా! పెట్రోలు బంకులోనూ పనిచేశాడు. తర్వాత హొనొలులు షెరీఫ్‌గా ఎన్నికై చాలాకాలం ఉన్నాడు. 1968లో కన్నుమూశాడు.

నన్ను కదిలించింది మాత్రం 1925 జూన్. కాలిఫోర్నియా తీరంలో థెల్మా అనే పడవ బోల్తాపడింది. డ్యూక్ బోర్డు మీద ఆ అలల్లోకే మళ్లీ మళ్లీ వెళ్లి ఎనిమిదిమందిని ఒడ్డుకు చేర్చాడు. తోటివాళ్లు నలుగుర్ని కాపాడారు. అయిదుగురు దక్కలేదు. నేను చూసిన ఫోటోల్లో ఆ రోజు లేదు.

పోయిన వేసవిలో మా ఊరి చెరువులో ఒక కుర్రాడు మునిగిపోతుంటే గట్టున నిలబడి కేకలేశానే గాని దిగలేకపోయాను. మిత్రులారా, ఈ సెలవుల్లో ఈత నేర్చుకుంటున్నాను. ఎవరైనా తోడొస్తారా?