రాళ్ళపల్లివారి తొలి పాఠము

విద్యలు రెండు తెరగుల నిలుచును. వ్రాతవలన నిలుచునవి కొన్ని. కంఠమునుండి కంఠమునకు సంక్రమించి నిలుచునవి కొన్ని. సంగీతము ఈ రెండవ కోవలోనిది. శైశవముననే చెవికి అందనిచో, పిదప గ్రంథము లెన్ని యున్నను దాని ఫలము స్వల్పము. ఈ సత్యమునకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి జీవితమును మించిన నిదర్శనము మన రాయలసీమలో వెదకినను దొరకుట కష్టము.

శర్మగారు 1893వ సంవత్సరము జనవరి 23వ తేదీన అనంతపురము జిల్లా రాళ్ళపల్లి గ్రామమున జన్మించిరి. నేడది కంబదూరు మండలములోనిది. బళ్ళారినుండి విడివడి అనంతపురము ప్రత్యేక జిల్లాయై అప్పటికి పదునొకం డేండ్లు. 1876-78 నాటి మహాక్షామము దత్తమండలములను ఊడ్చి వెళ్ళి పదునైదేండ్లు. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగింపగా, ఈశాన్యపు వానలు తీరమునందే చాలవరకు కురిసిపోగా, మిగిలినదే ఈ మెట్టసీమకు ప్రాప్తము. సాలుకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన. చెరువు నిండిన యేడు పండుగ. నిండని యేడు వలస.

ఇట్టి సీమలో సంగీతము కడుపు నిండినవారి వినోదమని తలచుట సులభము. కాని ఈ నేలమీద పాట యెన్నడును ఎండిపోలేదు. చెక్కభజనలు, కోలాటములు, తత్త్వములు, హరికథలు గ్రామములను అంటిపెట్టుకొని యున్నవి. వీధిబడిలో బాలుడు శతకపద్యములను రాగముతోనే వల్లించెను; ఎక్కములు సయితము ఒక వరుసలోనే నోటికి వచ్చెను. అక్షరము, స్వరము అన్న భేదమును ఆ బడి అంతగా ఎరుగదు.

శర్మగారి తండ్రి కర్ణమడకల కృష్ణమాచార్యులుగారు సంస్కృతాంధ్రములు తెలిసిన పండితులు. కుమారునికి ఆ రెండు భాషలను తామే నేర్పిరి. తల్లి అలమేలుమంగమ్మగారు గానము తెలిసిన గృహిణి. ఆ బాలునకు సంగీతపాఠశాల తల్లి ఒడియే. రుసుము లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. ఇంటిపనుల నడుమ ఆమె పాడినది కుమారుడు వినెను, విన్నది పాడెను, తప్పిన చోట ఆమె దిద్దెను. శర్మగారు పిదప ఎందరు విద్వాంసులను సేవించినను వారి ఆదిగురువు తల్లియే.

పదుమూడేండ్ల ప్రాయమున, 1906లో, వారు మైసూరు చేరి పరకాలమఠమున శ్రీ కృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వామివారి సన్నిధిని సంస్కృతవిద్యను అభ్యసించిరి. నాడు మైసూరు సంగీతమునకు పుట్టినిల్లు. వీణ శేషణ్ణ, బిడారం కృష్ణప్ప, వాసుదేవాచార్యులు వంటి ఉద్దండులతో ఆ నగరము కళకళలాడుచుండెను. వారిలో కృష్ణప్పగారి శిష్యరికము శర్మగారికి లభించెను. పల్లెలో తల్లి వేసిన విత్తనము మైసూరు గాలికి మొలకెత్తినది. విత్తనమే లేకున్నచో ఆ గాలి యేమి చేయగలదు? మైసూరు వీధులలో ఆ గానమును విన్నవారందరును విద్వాంసులు కాలేదు గదా!

కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ యువకుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహింపగా, 1912లో శర్మగారు మహారాజా కళాశాలయందు తెలుగు పండితులైరి. అప్పటికి వారి వయస్సు పందొమ్మిదేండ్లు. వారి సొంత జిల్లాలో దత్తమండల కళాశాల నెలకొన్నది 1916లో; అంతకు నాలుగేండ్లు ముందే ఆ జిల్లా బిడ్డ పరసంస్థానమున ఆచార్యపీఠ మెక్కెను. 1949 వరకు, ముప్పది యేడేండ్లు, కన్నడదేశమున తెలుగు చెప్పిరి. 1928లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పక్షమున వేమనపై వారు చేసిన ఉపన్యాసములు తెలుగు విమర్శకు మేలుబంతి. హాలుని గాథాసప్తశతిలోని ప్రాకృతగాథలను తెలుగు పద్యములుగ మలచిరి. కాకతి గణపతిదేవుని సేనాని జాయపుడు రచించిన నృత్తరత్నావళిని తెనిగించిరి. జీవనోపాధి సాహిత్యము, ప్రాణము సంగీతము. ఒకటి లేక రెండవది కుంటుపడునని వారి జీవితమే చాటుచున్నది.

ఈ రెంటి కలయికకు అసలు పరీక్ష తిరుపతిలో ఎదురయ్యెను. తాళ్ళపాక అన్నమాచార్యుని (1408-1503) సంకీర్తనలు ముప్పదిరెండువేలని ప్రసిద్ధి. తాళ్ళపాకవారు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తనభాండారమునందు భద్రపరచిరి. కాలక్రమమున లోకము ఆ భాండారమును మరచెను. 1922లో రేకులు మరల వెలుగు చూచినవి. రెండువేలకు పైబడిన ఆ రేకులలో పదునాలుగువేల వరకు పాటలు దొరకినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు వానిని పరిష్కరించి ప్రకటించిరి.

అయితే ఒక లోపము మిగిలినది. ప్రతి పాటకును రాగము పేరు చెక్కబడి యున్నది. ఆ పాటను ఎట్లు పాడవలెనో తెలుపు స్వరలిపి ఆ సాహిత్యపు రేకులపై లేదు. రాగి అక్షరమును నాలుగువందల యేండ్లు కాపాడెను, వరుసను కాపాడలేకపోయెను. పాడి వినిపించు పరంపర చాలవరకు తెగినది. తెగిన పిదప లోహమేమి చేయగలదు?

శర్మగారు 1950 ప్రాంతమున తిరుపతి ప్రాచ్యపరిశోధనాలయమునకు వచ్చి ఈ మూగపాటలకు గొంతు నిచ్చు కార్యమునకు పూనిరి. రాగము పేరును ఆధారముగ గొని, మాట విరుపును, భావమును, తాళపు నడకను తూచి, నూటికి పైగా సంకీర్తనలకు వరుసలు కట్టి స్వరపరచిరి. ఆ వరుసలు శర్మగారివి, అన్నమాచార్యునివి కావు. పోయినది పోయినదే, తిరిగి వచ్చినది క్రొత్త జన్మము. ఛందస్సు తెలిసిన గాయకుడు, గానము తెలిసిన పండితుడు ఒకే దేహమున ఉండుటచేతనే ఆ మాత్రమైనను సాధ్యమయ్యెను. 1974లో మద్రాసు సంగీత విద్వత్సభ వారిని సంగీత కళానిధిగ సత్కరించినది. 1979 మార్చి 11వ తేదీన శర్మగారు పరమపదించిరి.

ఈ చరితమునుండి పాఠకులు గ్రహింపవలసినది కేవలము భక్తి కాదు. తెగిన పరంపరను అతికించుటకు ఒక మహాపండితుని వార్ధక్యము వ్యయమైనది. తెగకుండ నిలుపుటకు ఒక తల్లి పాట చాలియుండెను. ఈ రెండు వ్యయములను మన రైతులు, పురజనులు తూచి చూతురుగాక!

అలమేలుమంగమ్మగారి వంటి తల్లి ప్రతి యింటను ఉండదు. అందుచేతనే బడి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు, అదియును నూర్గురకు మించి పిల్లలున్న బడులలో, కళలు నేర్పుటకు పార్ట్‌టైము బోధకుని నియమింపవలెనన్నది. మొదటి ఐదు తరగతులకు అట్టి నియమము చేయలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలను చదువుతో కలుపవలెనని పలికినది. చెవి మెత్తగా నున్న యేండ్లను విడిచి, ముదిరిన పిదప బోధకుని పంపుట, వాన వెలిసిన పిదప విత్తనము చల్లుటయే. మెట్టరైతునకు ఈ మాట వివరింప నక్కరలేదు.

బడికి కప్పు, త్రాగుటకు నీరు ముందు కావలెనుగదా యని కొందరందురు. ఆ మాట న్యాయమే. కాని కప్పునకు కావలసిన ధనము పాటకు అక్కరలేదు. సరళి, జంట, అలంకారములకు వాద్యము లేకున్నను కంఠము చాలును. ఊరి భజనమందిరమున చెక్కలు పట్టు పెద్దను వారమున కొక గంట బడికి పిలుచుటకు ఏ ఖజానాయు ఉత్తరువు ఈయనక్కరలేదు. గ్రామపెద్దలు తలచిన చాలును. ఆ గంటలో కూర్చున్న పిల్లలందరును రాళ్ళపల్లివారు కాకపోవచ్చును. కాని రాళ్ళపల్లివారు కాదగిన బిడ్డ అందొకడున్నచో, తొలి పాఠము అందక మిగిలిపోడు.