మెదడు పటాన్ని లిఖించిన వైద్యుడు

మూర్ఛ వచ్చిన వారి చేతిలో తాళపుచెవులు పెట్టడం, గాలి సోకిందని తాయెత్తు కట్టడం మన పల్లెలలో చిరకాలంగా ఉన్న అలవాట్లు. నిజానికి మూర్ఛ మెదడులోని నాడీకణాల విద్యుత్ క్రియ అదుపు తప్పడం వలన కలిగే వ్యాధి. మందులకు లొంగని మూర్ఛకు శస్త్రచికిత్సామార్గాన్ని సుగమం చేసిన వారిలో అగ్రగణ్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్.

ఆయన 1891 జనవరి 26న అమెరికాలోని స్పోకేన్ నగరంలో జన్మించారు. ప్రిన్స్‌టన్, ఆక్స్‌ఫర్డ్, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయాలలో విద్యాభ్యాసం చేశారు. 1928లో జర్మనీకి వెళ్లి, ఫోర్‌స్టర్ అనే వైద్యుని వద్ద మూర్ఛ శస్త్రచికిత్సను అభ్యసించారు. ఆ ఏడే కెనడాలోని మాంట్రియల్ నగరంలో స్థిరపడ్డారు.

ఏళ్ల తరబడి మూర్ఛతో బాధపడుతున్న ఆయన అక్క రూత్ మెదడులో పెద్ద కణితి ఉన్నట్లు ఆ సంవత్సరాంతంలో తెలిసింది. పెన్‌ఫీల్డ్ స్వయంగా శస్త్రచికిత్స చేశారు. కాని కణితిని పూర్తిగా తొలగించడం సాధ్యపడలేదు. 1931లో ఆమె కన్నుమూసింది. ఆ దుఃఖం ఆయనను కుంగదీయలేదు. ఆయన సంకల్పాన్ని దృఢపరచింది. నాడీశాస్త్ర పరిశోధనకు, చికిత్సకు ఒకే నెలవుగా 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పారు.

సిరిసిల్ల మగ్గంపై తెగిన పోగును అతికే నేతగాడు తక్కిన పోగులు చెదరకుండా చూస్తాడు. పెన్‌ఫీల్డ్ పద్ధతీ అట్టిదే. మెదడుకు నొప్పి తెలియదు. కనుక తలపై చర్మానికి మాత్రమే మత్తుమందిచ్చి, రోగి మేల్కొని ఉండగానే మెదడుపై స్వల్ప విద్యుత్తును తాకించేవారు. ఒకచోట తాకితే వేలు కదిలేది. మరొకచోట తాకితే మాట ఆగిపోయేది. ఆయా చోట్ల అంకెలు వేసిన కాగితపు ముక్కలుంచి పటం తయారుచేసేవారు. మాటకు, కదలికకు ఆధారమైన భాగాలను కాపాడి, మూర్ఛకు మూలమైన భాగాన్నే తొలగించేవారు. చేతికి, పెదవులకు మెదడులో విశాలమైన చోటున్నదని 1937లో ఆయన, బోల్డ్రే కలిసి ప్రకటించారు.

ఆయన వద్ద శిక్షణ పొందిన జేకబ్ చాందీ 1949లో వెల్లూరులో భారతదేశపు తొలి నాడీశస్త్రచికిత్సా విభాగాన్ని ప్రారంభించారు. పెన్‌ఫీల్డ్ 1976 ఏప్రిల్ 5న దివంగతులయ్యారు. నేడు జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల రోగులకు ఇట్టి చికిత్స హైదరాబాదులో లభిస్తున్నది. స్కానింగు యంత్రాలెన్ని వచ్చినా, కోతకు ముందు కాపాడవలసినదేదో తెలుసుకోవాలన్న ఆయన సూత్రం నేటికీ వైద్యులకు శిరోధార్యమే.